పార్కింగ్ జాగా కింద చెరువు

చెన్నై త్యాగరాయ నగర్‌లో పానగల్ పార్కుకు కొంచెం దూరంలో ఒక జాగా ఉంది. నాకు తెలిసినప్పటి నుంచి అక్కడ కార్లు, స్కూటర్లు నిలపడం తప్ప వేరే పని జరగలేదు. పండుగల ముందు చీరలు, నగలు కొనడానికి వచ్చేవారి బండ్లతో అది నిండిపోయేది, మామూలు రోజుల్లో మధ్యాహ్నం దాకా సగం ఖాళీగా ఉండేది. ఈ ఏడాది దాని చుట్టూ రేకులు కట్టారు. లోపల మూడు కాళ్ల ఇనుప చట్రం నిలబెట్టి, కట్టబోయే భవనం కోసం సాయిల్ టెస్ట్ చేస్తున్నారు. గొట్టంలోంచి తీసిన మట్టిని లోతుల వారీగా చెక్క పెట్టెలో పేర్చారు. పైన జానెడు మందాన తారు, కంకర ఉన్నాయి. వాటి కింద బూడిద రంగు జిగట మట్టి. ఆ జాగాకు కాపలా ఉండే నెల్లూరు జిల్లా పెద్దాయన ఆ మట్టిని వేళ్ల మధ్య నలిపి చూసి, ‘ఈడ చెరువేమన్నా ఉండిందా సార్?’ అని అడిగాడు.

ఉండింది. నుంగంబాక్కం నుంచి సైదాపేట వైపు సాగిన పొడవాటి చెరువులో మాంబళం వైపు భాగాన్ని 1920లలో ఎండగట్టి, పూడ్చి, ఆ నేల మీదే ఈ నగర్‌ను వేశారు. దీనికి పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి, నడిమధ్య పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా రామరాయనింగారు ఇద్దరూ జస్టిస్ పార్టీ నాయకులే, ఇద్దరూ తెలుగువారే. అంటే ఈ నేల ఒకసారి చెరువుగా ఉండి ఇళ్ల స్థలమైంది, తరువాత కార్ల స్థలమైంది, ఇప్పుడు మళ్లీ ఇళ్ల స్థలం కాబోతోంది. నగరం నడిబొడ్డున కార్లకు వదిలేసిన నేల మీద భవనాలు లేపడం నేడు ప్రపంచంలో అనేక నగరాలు చేస్తున్న పని. అది మంచి పనేనని నా నమ్మకం. అయితే కార్లు ఎక్కడికి పోతాయి, నీళ్లు ఎక్కడికి పోతాయి అన్న రెండు లెక్కలు తేలకుండా అది మంచి పని కాజాలదు.

ముందు నేల లెక్క చూద్దాం. ఒక కారు నిలవడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు చాలు, అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు. కానీ కారు ఆకాశం నుంచి దిగదు కనుక లోపలికి రావడానికి, తిరగడానికి, బయటికి పోవడానికి దారి కావాలి. ఆ దారిని కూడా కలుపుకొని మన దేశంలో ప్రణాళికలు వేసేవారు ఆరుబయట ఒక్కో కారుకు 23 చదరపు మీటర్లు, సెల్లార్‌లో అయితే స్తంభాలు, ర్యాంపులు అడ్డం వస్తాయి కనుక 32 చదరపు మీటర్లు లెక్క కడతారు. ఈ జాగా ఎకరం అనుకుందాం, అంటే 4,047 చదరపు మీటర్లు. దాని మీద ఎంత పొందికగా పెట్టినా సుమారు 176 కార్లకు మించి పట్టవు. తమిళనాడు 2019లో తెచ్చిన భవన నియమాల ప్రకారం ఎత్తైన కట్టడాలకు నేల విస్తీర్ణానికి 3.25 రెట్లు అంతస్తుల విస్తీర్ణం కట్టుకోవచ్చు. అదే ఎకరంలో దాదాపు 13,150 చదరపు మీటర్లు వస్తుంది. మెట్లు, లిఫ్టులు, నడవాలు కలుపుకొని ఇంటికి 80 చదరపు మీటర్లు వేసుకుంటే 164 కుటుంబాలు ఉండవచ్చు. ఒక పక్క రోజులో కొన్ని గంటలు నిలిచి వెళ్లిపోయే 176 కార్లు, మరో పక్క రైలు స్టేషనుకూ బడికీ అంగడికీ నడిచి వెళ్లగల 164 సంసారాలు.

ఇంత తేడా ఉన్నా అలాంటి జాగాలు దశాబ్దాల పాటు అలాగే ఎందుకు ఉండిపోతాయన్నది అమెరికా నగరాల చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అక్కడి జనం శివార్లకు తరలిపోగా, నగర మధ్యాల్లోని పాత కట్టడాలను వాటి యజమానులు కూల్చి, తారు పోసి, గంటకింత అని వసూలు చేయడం మొదలుపెట్టారు. భవనం ఉంటే దాని విలువ మీద కూడా ఆస్తి పన్ను కట్టాలి, మరమ్మతులు చేయించాలి. తారు నేలకు ఆ ఖర్చేమీ లేదు. రోజు ఖర్చులకు సరిపడా రాబడి వస్తూ ఉంటే, భూమి ధర పెరిగే వరకు యజమాని తీరిగ్గా వేచి ఉండగలడు. అందుకే భవనం మీద తక్కువగా, భూమి మీద ఎక్కువగా పన్ను వేయాలన్న వాదన అక్కడ బలంగా ఉంది. పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ నగరం 1913 నుంచి 2001 వరకు ఆ పద్ధతినే పాటించింది.

దీనికి తోడు చట్టం కూడా పార్కింగ్‌నే పెంచింది. ఇన్ని ఇళ్లకు ఇన్ని, ఇంత దుకాణానికి ఇన్ని కార్ల జాగాలు చూపించకపోతే అనుమతి ఇవ్వబోమన్న కనీస పార్కింగ్ నిబంధన ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో 1923లో అపార్ట్‌మెంట్లకు వచ్చింది, తరువాత దేశమంతా పాకింది. దాని ఫలితం లాస్ ఏంజెలెస్ కౌంటీలో కొలిచి చూస్తే 2010 నాటికి కోటీ 86 లక్షల పార్కింగ్ జాగాలు తేలాయి. నగరపాలక ప్రాంతాల భూమిలో 14 శాతం వాటి కిందే ఉంది. ఒక్కో బండికి మూడుకు పైగా జాగాలన్నమాట. ఆ కౌంటీలోని లాస్ ఏంజెలెస్ నగరం 1999లో తన నడిబొడ్డులోని పాత ఆఫీసు భవనాలను కొత్తగా పార్కింగ్ చూపించనక్కర లేకుండా ఇళ్లుగా మార్చుకోవచ్చని అనుమతించగానే, ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న కట్టడాల్లో వేల ఇళ్లు వచ్చాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరం 2017లో కనీస పార్కింగ్ నిబంధనను పూర్తిగా ఎత్తివేసింది. ఆ తరువాత అక్కడ ఇళ్లూ దుకాణాలూ కలిసి ఉండేలా కట్టిన భవనాల్లో, పాత నిబంధన అడిగిన దానికంటే 53 శాతం తక్కువ పార్కింగ్ కట్టారని పరిశోధకులు తేల్చారు. అవసరం అనుకున్నదానిలో సగం నిజానికి నిబంధన పుట్టించిన అవసరమే.

చెన్నై కథ ఇలా నడవలేదు కనుక అక్కడి మందును యథాతథంగా ఇక్కడ వాడలేం. మన నగరాల నడిబొడ్డున కార్ల కోసం కూల్చిన వీధులు లేవు. పెద్ద జాగాలు దొరికిన చోట అవి మరోలా మారాయి. వడపళనిలో తెలుగు సినిమా పెరిగిన విజయా వాహినీ స్టూడియోల నేల మీద ఇప్పుడు ఆసుపత్రి, మాల్ ఉన్నాయి. మన అసలు పార్కింగ్ మైదానం రోడ్డే. ఇంకో మైదానం కూడా ఉంది, అది కంటికి ఆనదు. ఏ వీధిలోకి వెళ్లినా అపార్ట్‌మెంట్లు స్తంభాల మీద లేచి, కింది అంతస్తు మొత్తాన్ని కార్లకు వదిలేసి ఉంటాయి. ఆ స్టిల్ట్ ఫ్లోర్లన్నిటినీ పక్కపక్కన పరిస్తే అమెరికా నగరాల తారు మైదానం లాంటిదే కనిపిస్తుంది, కాకపోతే మనం దాని మీద ఇళ్లు కట్టుకున్నాం. వీధి వైపు వసారా, అరుగు, అంగడి ఉండవలసిన చోట బంపర్లు, గ్రిల్ గేట్లు ఉండటం వల్ల నడిచేవారికి ఆ వీధి ఎంత నిర్జీవంగా ఉంటుందో మాంబళం పాత వీధుల్లో నడిచినవారికి వేరే చెప్పనక్కర లేదు.

మళ్లీ మన ఎకరానికి వద్దాం. ఇంటికో కారు జాగా చొప్పున 164 ఇళ్లకు సెల్లార్‌లో చోటు కావాలంటే 5,250 చదరపు మీటర్లు పడుతుంది. అది ఎకరం కంటే పెద్దది. కాబట్టి ఒక్క సెల్లార్ చాలదు, రెండు తవ్వాలి. ఆ బూడిద రంగు మట్టి తన సంగతి చెప్పేది ఇక్కడే.

రెండు సెల్లార్లకు సుమారు ఏడు మీటర్ల గొయ్యి కావాలి. ఈశాన్య ఋతుపవనాల కాలంలో పాత చెరువు నేలలో రెండు మీటర్ల లోతుకే నీరు వచ్చిందనుకుందాం. అప్పుడు సెల్లార్ అడుగు నీటి మట్టానికి ఐదు మీటర్ల కిందికి ఉంటుంది. నీటిలో ఖాళీ బిందెను కిందికి అదిమి పట్టుకున్నప్పుడు అరచేతికి తగిలే తోపుడే సెల్లార్ అడుగుకూ తగులుతుంది. ప్రతి మీటరు లోతుకూ చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున ఐదు టన్నుల బలం దానిని పైకి నెడుతుంది. సెల్లార్ విస్తీర్ణం 3,000 చదరపు మీటర్లైతే మొత్తం 15,000 టన్నులు. కాంక్రీటు అంతస్తు ఒక్కోటి చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను బరువు ఉంటుంది కనుక, పైన అంతస్తులు లేచే వరకు ఆ కట్టడం ఒక రకంగా ఒడ్డున కట్టేసిన పడవలాంటిదే. అందుకే తగినంత బరువు పైకి చేరేదాకా రాత్రింబవళ్లు పంపులతో నీటిని తోడుతూ ఉండాలి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. టవర్ స్థలం మధ్యలో మాత్రమే లేస్తుంది, సెల్లార్ మాత్రం దాదాపు సరిహద్దుల దాకా వ్యాపిస్తుంది. టవర్ లేని చోట పైన బరువు ఉండదు. కాబట్టి అక్కడ అడుగు స్లాబును లోతైన నేలకు పట్టి ఉంచే పైల్స్ (నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు) గాని, లంగరు కమ్మీలు గాని వేయవలసి వస్తుంది. కింద ఒక కారును దాచడానికి అయ్యే ఈ ఖర్చంతా ఫ్లాటు ధరలోకే పోతుంది. కారు లేని కుటుంబమూ దానిని కడుతుంది.

నీరు తోడటం సరిహద్దు గోడ దగ్గర ఆగదు. ఇటు నీటి మట్టం దింపితే అటు పక్కింటి కిందా దిగుతుంది. నీరు తగ్గిన జిగట మట్టి మెల్లగా కుదించుకుపోయి, దాని మీద నిలిచిన పాత ఇళ్ల గోడలు బీటలు వారతాయి. గొయ్యి చుట్టూ ముందుగానే డయాఫ్రం గోడ, అంటే నేలలోకి లోతుగా వేసే కాంక్రీటు గోడ దించి, బయటి నీరు లోపలికి రాకుండా చేయడం దీనికి మందు. అది ఖరీదైన మందు కనుక చిన్న కట్టడాల్లో తరచుగా దానిని దాటేస్తారు. ఆ తరువాత వరద సంగతి ఉండనే ఉంది. 2015 డిసెంబరు వరదల్లో నగరంలో ఎన్నో సెల్లార్లు కార్లతో సహా మునిగిపోయాయి. విద్యుత్తు ప్యానెళ్లు సెల్లార్‌లోనే పెట్టుకున్న భవనాలు నీరు తోడటానికి పంపులను కూడా నడపలేకపోయాయి.

ఇంత చెప్పానని పాత తారు మైదానమే మేలని అనుకోకూడదు. చెన్నై 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కనుక ఏప్రిల్ చివరలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిర్మలమైన మధ్యాహ్నం చదరపు మీటరు మీద సుమారు వెయ్యి వాట్ల వేడి పడుతుంది. కొత్త తారు అందులో పదింట తొమ్మిది వంతుల దాకా మింగేస్తుంది. ఎకరానికి లెక్క కడితే అది 3.6 మెగావాట్లు, అంటే గంటకు ఒకటిన్నర యూనిట్లు కాల్చే ఏసీలు 2,400 ఒకేసారి నడిచినంత. చెట్టున్న నేల ఆ వేడిలో చాలా భాగాన్ని నీటిని ఆవిరి చేయడానికి ఖర్చు పెడుతుంది. తారు దానిని దాచుకొని రాత్రంతా విడుస్తుంది. భవనం కూడా ఎండను పట్టుకుంటుంది గాని, పక్క వీధికి నీడనిస్తుంది, పై కప్పుకు తెల్ల రంగు వేసుకునే వీలిస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగే దారికి అడ్డంగా గోడలా కడితే మాత్రం ఆ మేలంతా పోతుంది.

వాన విషయంలో తారుకు చెప్పుకోదగ్గ సుగుణమే లేదు. పది సెంటీమీటర్ల వాన పడితే ఎకరం మీద నాలుగు లక్షల లీటర్ల నీరు కురుస్తుంది, అంటే పన్నెండు వేల లీటర్ల ట్యాంకర్లు ముప్పై మూడు. తారు మీద పడినది దాదాపు అంతా వీధిలోకే పోతుంది. చెన్నైలో ఏడాది వాన సుమారు 140 సెంటీమీటర్లు. అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. 2003లో తమిళనాడు ప్రతి భవనానికీ వాన నీటి సంరక్షణను తప్పనిసరి చేసింది, దేశం చూసి నేర్చుకోవలసిన పని అది. అయితే సరిహద్దు నుంచి సరిహద్దు దాకా సెల్లార్ తవ్వేస్తే ఇంకుడు గుంతకు మట్టే మిగలదు. పాత చెరువు నేలలో వానాకాలపు నీటి మట్టం ఎలాగూ పైనే ఉంటుంది కనుక, ఇంకించడం కంటే పెద్ద సంపులో నిలవ చేసి వేసవికి వాడుకోవడమే తెలివైన పని. సెల్లార్‌లో పది కార్ల జాగా, అంటే 320 చదరపు మీటర్లు వదులుకుని, రెండు మీటర్ల లోతు తొట్టి కడితే ఆరు లక్షల లీటర్లకు పైగా పడుతుంది. పైన లెక్క వేసిన వాన మొత్తం అందులో ఇమిడిపోతుంది.

ఇక కార్లు ఎక్కడికి పోతాయన్న ప్రశ్న. 2019 నవంబరులో పాండీ బజార్‌లో త్యాగరాయ రోడ్డును వెడల్పాటి కాలిబాటలతో మార్చినప్పుడు వ్యాపారం దెబ్బతింటుందని భయపడినవారు చాలామంది ఉన్నారు. కార్ల కోసం పక్క వీధిలో యంత్రాలతో నడిచే బహుళ అంతస్తుల పార్కింగ్ కట్టారు. నేడు ఆ కాలిబాటల మీద సాయంత్రం పిల్లలను నడిపించుకుంటూ వచ్చే కుటుంబాలను చూస్తే, అంతకు ముందు ఆ చోటంతా నిలిచిన కార్లదేనన్నది నమ్మబుద్ధి కాదు. స్విట్జర్లాండ్‌లోని జూరిక్ నగరం 1996లో ఒక ఒప్పందానికి వచ్చింది. నగర మధ్యంలో పార్కింగ్ మొత్తం పెరగకూడదు, నేల కింద కొత్తగా ఒక జాగా కడితే నేల మీద ఒకటి తీసేయాలి. మనకు కావలసింది ఈ రెండో సగమే. మనం పార్కింగ్ భవనం కడతాం, రోడ్డు మీది పార్కింగ్‌ను మాత్రం అలాగే వదిలేస్తాం. రోడ్డు మీద ఉచితంగా దొరికేటప్పుడు డబ్బు కట్టి లోపలికి ఎవరు వెళతారు? 2006లో మన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా పార్కింగ్ రుసుము ఆ భూమి విలువను ప్రతిఫలించాలనే చెప్పింది. జపాన్‌లో 1962 చట్టం ప్రకారం కారు నమోదుకు ముందే దానిని నిలిపే జాగాకు రుజువు చూపాలి. అందువల్ల అక్కడి ఇరుకు వీధులు ఇప్పటికీ నడిచేవారివే.

పానగల్ పార్కు దగ్గర మెట్రో రెండో దశ భూగర్భ స్టేషను పని జరుగుతోంది. దానికి నడక దూరంలో ఉన్న ఈ ఎకరంలో 164 ఇళ్లకు 164 కార్ల జాగాలు అడగడం కంటే, ఒక్క సెల్లార్‌కే పరిమితమై, అందులోని జాగాలను ఫ్లాటుతో కలపకుండా విడిగా అద్దెకు ఇస్తే, కారు ఉన్నవారు దాని ధర కడతారు, లేనివారి ఇంటి ధర ఆ మేరకు తగ్గుతుంది. రెండో సెల్లార్ లేకపోతే గొయ్యి ఏడు మీటర్ల నుంచి నాలుగుకు తగ్గుతుంది, అడుగున పైకి నెట్టే బలం ఐదు టన్నుల నుంచి రెండుకు తగ్గుతుంది. సరిహద్దు పొడవునా నాలుగు మీటర్ల పట్టీని తవ్వకుండా వదిలేసి కానుగ, వేప నాటుకోవచ్చు. చెట్టు వేళ్లకు స్లాబు మీద పోసిన మట్టి చాలదు, అసలు నేల కావాలి.

మొన్న అటు వెళ్లినప్పుడు సాయిల్ టెస్ట్ పూర్తయి మనుషులు వెళ్లిపోయారు. తీసిన గొట్టం రంధ్రం నోటికి రాయి అడ్డం పెట్టి ఉంది. పెద్దాయన ఆ రాయి జరిపి, తాడుకు చిన్న డబ్బా కట్టి లోపలికి వదిలాడు. మూడు బారలు దిగకముందే అది నీటికి తగిలిన చప్పుడు వినిపించింది.