చచ్చిన పక్షికి నెగెటివ్ వస్తే చెరువు సేఫ్ అయినట్టేనా?

అడవి పక్షుల నుంచి బర్డ్ ఫ్లూ శాంపిళ్లు తీయడం నా పని. నాకు పదేపదే ఎదురయ్యే ప్రశ్న ఇది: "సార్, చచ్చిన పక్షికి నెగెటివ్ వచ్చింది కదా, మా బాతుల్ని చెరువులోకి వదలొచ్చా?"

వద్దండీ, దయచేసి వదలకండి.

అపోహ: నెగెటివ్ అంటే అక్కడ వైరస్ లేదు.

వాస్తవం: ఆ పక్షి నుంచి ఆ రోజు తీసిన స్వాబ్‌లో వైరస్ ఆర్ఎన్ఏ (దాని జన్యుపదార్థం) దొరకలేదు. అంతవరకే. పక్షి చచ్చి ఎండలో పడి ఉంటే ఆర్ఎన్ఏ పాడైపోతుంది. గొంతులోనూ, మలద్వారంలోనూ రెండు చోట్లా స్వాబ్ తీయాలి. ఒక్కచోటే తీస్తే వైరస్ చిక్కకపోవచ్చు. చెక్కపుల్ల ఉన్న కాటన్ స్వాబ్ వాడితే ఆర్ఎన్ఏను వెతికే ల్యాబ్ టెస్టు పీసీఆర్‌కే అడ్డం పడొచ్చు. దారిలో ఐస్ కరిగిపోయినా అంతే సంగతులు. ఇవన్నీ సరిగ్గా చేశామనుకుందాం. పక్షి వైరస్‌ను విసర్జించేది కొన్నాళ్లే. పైగా కొన్ని రకాల అడవి బాతులు ఏ జబ్బూ లేనట్టు ఈదుతూనే రెట్టలో వైరస్‌ను వదులుతుంటాయి. చల్లటి నీళ్లలో అది వారాల తరబడి నిలుస్తుంది.

ఒక చెరువు గట్టున దొరికిన మొదటి పక్షి బాగా కుళ్లిపోయింది, గొంతులో పురుగులు. నెగెటివ్ వచ్చింది. శవం స్థితి రిపోర్టులో రాసే ఉంది. కానీ టెన్షన్‌లో ఉన్న మనిషికి కనిపించేది నెగెటివ్ అన్న ఒక్క మాటే. పక్కనే బాతులు పెంచుకునే ఆవిడ ఆ ధీమాతో వాటిని నీళ్లలోకి తోలింది. తర్వాత అదే గట్టున అప్పుడే చచ్చిన పక్షికి హెచ్5 (బర్డ్ ఫ్లూ వైరస్‌లో ఒక రకం) పాజిటివ్ వచ్చింది. అప్పటికే ఆవిడ బాతులు మెడలు వంకర తిరిగి, నిలబడలేక పడిపోతున్నాయి. "రిపోర్టు చూసే కదా సార్ వదిలాను" అంది. ఆవిడ తప్పేముంది? ఒక్క శాంపిల్‌తో చెరువు మొత్తానికి తీర్పు చెప్పలేమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

చచ్చిన ప్రతి పక్షీ బర్డ్ ఫ్లూతోనే చావదు. బాట్యులిజం (ఒక బ్యాక్టీరియా విషం), పురుగుమందులు కూడా గుంపులకు గుంపుల్ని చంపుతాయి. రాపిడ్ కిట్‌లో నెగెటివ్ వస్తే పీసీఆర్ అక్కర్లేదనుకోకండి, వైరస్ తక్కువగా ఉంటే కిట్ పట్టుకోలేదు. హెచ్5 అనగానే తీవ్రమైన రకమని కూడా కాదు, అది సీక్వెన్సింగ్‌లో, అంటే వైరస్ జన్యువులను చదివే పరీక్షలో తేలాలి.

పాజిటివ్ రాగానే పక్షులున్న చెట్లు నరికేయమని వాట్సాప్‌లో తిప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. బెదిరిన పక్షులు వైరస్‌ను ఇంకో చోటికి మోసుకుపోతాయి. అడవి పక్షుల్ని చంపొద్దని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థే చెబుతోంది.

పాప ఈక పట్టుకుందని వణికిపోతూ ఫోన్ చేసే అమ్మలకు: సబ్బుతో చేతులు కడగండి, సబ్బుకు ఈ వైరస్ నిలవదు. మనుషులకు ఇది సోకడం అరుదు. చచ్చిన పక్షినే ముట్టుకుని ఉంటే మాత్రం 10 రోజులు గమనించండి. జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టర్‌కు పక్షి సంగతి ముందే చెప్పండి.