ఓడ దిగాక ఎవరిదీ కాని సరుకు

2020 ఆగస్టు 4న లెబనాన్‌లోని బీరుట్ రేవు గోదాములో నిల్వ ఉన్న అమోనియం నైట్రేట్ పేలిపోయిన తర్వాత మన దేశంలో కస్టమ్స్ అధికారులు తమ గోదాముల లెక్కలు తిరగేశారు. చెన్నై శివార్లలోని మణలిలో 37 కంటైనర్లలో దాదాపు 700 టన్నుల అమోనియం నైట్రేట్ 2015 నుంచి పడి ఉందని అప్పుడు అందరికీ తెలిసింది. దక్షిణ కొరియా నుంచి వచ్చిన సరుకది. దిగుమతి చేసుకున్నవారు ఎరువు రకమని చెప్పారు. అది పేలుడు పదార్థాల తయారీకి వాడే రకమని, అందుకు తగిన లైసెన్సు లేదని కస్టమ్స్ జప్తు చేసింది. ఆ తర్వాత ఐదేళ్లు సరుకు కదల్లేదు. బీరుట్ వార్త వచ్చిన వారం లోపే, వేలంలో కొన్న హైదరాబాద్ కంపెనీకి లారీల్లో తరలించడం మొదలైంది. ఐదేళ్లు కుదరని పని వారంలో ఎలా కుదిరింది? దీనికి జవాబు కావాలంటే ప్రమాదకర సరుకుల రవాణా నిబంధనలు ఎలా పుట్టాయో, అవి ఎక్కడ ఆగిపోయాయో చూడాలి.

అమోనియం నైట్రేట్ చూడటానికి తెల్లటి గుళికలు. దానంతటది అంత సులభంగా అంటుకోదు. అయితే వేడి తగిలితే తనలోని ఆక్సిజన్‌ను వదిలి పక్కనున్న మంటను పెంచుతుంది. అందుకే గాలి ఆడకుండా మూసేసి ఈ మంటను ఆర్పలేం. పైగా మూసేస్తే వేడి, పీడనం పెరిగి పేలుడుకు దగ్గరవుతుంది. 1921లో జర్మనీలోని ఒపావు ఎరువుల ఫ్యాక్టరీలో గడ్డకట్టిన ఎరువు గుట్టను వదులు చేయడానికి ఎప్పటిలాగే డైనమైట్ పెట్టారు. ఆ గుట్టలో అమోనియం నైట్రేట్ కలిసి ఉంది. 500 మందికి పైగా చనిపోయారు.

మన రేవుల చరిత్రలో అతి పెద్ద విషాదం 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో జరిగింది. ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు, మందుగుండు ఉన్నాయి. దారిలో కరాచీలో అదే ఓడలోకి పత్తి బేళ్లు ఎక్కించారు. యుద్ధకాలం, ఓడల కొరత, ఖాళీ ఉంటే చాలు సరుకు నింపేయాలన్న తొందర. మధ్యాహ్నం పత్తి అంటుకుంది. సాయంత్రం నాలుగు దాటాక ఓడ రెండుసార్లు పేలింది. వందల మంది చనిపోయారు. వారిలో మంట ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందే 60 మందికి పైగా. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు మన ఊళ్లలో జరిపే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల జ్ఞాపకార్థమే. ఆ తేదీ వెనక కథ మన పిల్లలకు బళ్లో చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఏ సరుకు పక్కన ఏ సరుకు ఉండకూడదన్న నియమం ఎందుకు ఇంత కఠినంగా ఉండాలో చెప్పడానికి అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

మూడేళ్లకు, 1947 ఏప్రిల్ 16న, అమెరికాలోని టెక్సస్ సిటీ రేవులో గ్రాండ్‌కాంప్ అనే ఫ్రెంచి ఓడలో పొగ కనబడింది. లోపల కాగితపు సంచుల్లో రెండు వేల టన్నులకు పైగా అమోనియం నైట్రేట్ ఉంది. సంచుల మీద ఎరువు అని రాసి ఉంది తప్ప పేలుతుందన్న హెచ్చరిక లేదు. నీళ్లు కొడితే సరుకు పాడవుతుందని కెప్టెన్ మూతలు బిగించి లోపలికి ఆవిరి పంపించాడు. మామూలు మంటకైతే అది సరైన పద్ధతే. ఈ సరుకు విషయంలో మాత్రం దాన్ని ఇంకా వేడెక్కించినట్టయింది. రంగురంగుల పొగ చూడటానికి జనం రేవు దగ్గర గుమిగూడారు. ఉదయం 9 గంటల 12 నిమిషాలకు ఓడ పేలింది. ఆ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళం దాదాపు మొత్తం అక్కడే అంతమైంది. పక్కనున్న మరో ఓడ ఆ రాత్రి పేలింది. మొత్తం మృతులు 580 మంది దాకా. ఆ కెప్టెన్‌కు, కలాసీలకు తమ చేతుల్లో ఉన్నది ఏమిటో ఎవరూ చెప్పలేదు. నా లెక్కలో అసలు నేరం అదే.

యుద్ధానంతరం సరుకులు దేశాలు దాటడం పెరిగే కొద్దీ ఒక్కో దేశానికి ఒక్కో పేరు, ఒక్కో గుర్తు ఉంటే కుదరదని తేలింది. 1953లో ఐక్యరాజ్యసమితి నిపుణుల కమిటీని వేసింది. 1956లో దాని తొలి సిఫారసులు వచ్చాయి. ఇవాళ ప్రమాదకర సరుకులను తొమ్మిది తరగతులుగా విభజించి, ప్రతి పదార్థానికీ నాలుగంకెల నంబరు ఇస్తున్నారు. హైవే మీద పెట్రోలు ట్యాంకర్ వెనక కనబడే 1203, వంటగ్యాస్ ట్యాంకర్ మీది 1075 ఆ నంబర్లే. శుద్ధమైన అమోనియం నైట్రేట్‌ది 1942. డ్రైవర్ స్పృహలో లేకపోయినా, పత్రాలు కాలిపోయినా, ఆ నంబరు చూసి ఏం చేయాలో ఫైర్ సిబ్బందికి తెలియాలి. ఓడల కోసం ప్రత్యేక అంతర్జాతీయ కోడ్ 1965లో వచ్చింది. చాలా ఏళ్లు అది సిఫారసుగానే ఉండి, 2004 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. దాని ప్రకారం సరుకు పంపేవాడే అందులో ఏముందో సంతకం పెట్టి చెప్పాలి. వ్యవస్థ మొత్తం ఆ సంతకం నిజమన్న నమ్మకం మీద నడుస్తుంది.

ఈ కోడ్ ప్రయాణంలో ఉన్న సరుకును చూసుకుంటుంది. ప్రయాణం మధ్యలో ఆగిపోతే? రోసుస్ ఓడ 2,750 టన్నుల అమోనియం నైట్రేట్‌తో జార్జియా నుంచి మొజాంబిక్ బయలుదేరి, 2013 నవంబరులో బీరుట్‌లో ఆగింది. లోపాలున్నాయని ఓడను కదలనివ్వలేదు. యజమాని వదిలేశాడు. 2014లో సరుకును రేవులోని 12వ నంబరు గోదాములోకి దించారు. దాన్ని పంపించేయడానికి అనుమతి ఇవ్వాలని కస్టమ్స్ వాళ్లు కోర్టుకు మళ్లీ మళ్లీ ఉత్తరాలు రాశారు. ఓడ దిగింది కాబట్టి ఓడల వాళ్లది కాదు, కొన్నవాడికి చేరలేదు కాబట్టి అతనిదీ కాదు. 200 మందికి పైగా ప్రాణాలు పోయేదాకా దాని బాధ్యత ఎవరూ తీసుకోలేదు. మణలిలో జరిగిందీ ఇలాంటిదే. అదృష్టవశాత్తూ అక్కడ నిప్పు రాజుకోలేదు.

మనకు ఇది దూరపు సంగతి కాదు. దేశంలోకి అమోనియం నైట్రేట్ దిగుమతి ప్రధానంగా విశాఖ రేవు నుంచే జరుగుతుంది. బొగ్గు గనుల్లో బండ పేల్చే మందుకు ఇదే ముడిసరుకు. 2011లో కేంద్రం 45 శాతానికి మించి అమోనియం నైట్రేట్ ఉన్న మిశ్రమాలను పేలుడు పదార్థాలుగా ప్రకటించి, 2012లో ప్రత్యేక నియమాలు తెచ్చింది. ఉగ్రవాదుల చేతికి పోకుండా చూడటం అప్పటి పెద్ద లక్ష్యం. బీరుట్ తర్వాత, 2021లో వాటిని సవరించారు. సరుకు బస్తాల్లోనే రావాలి, రేవు హద్దుకు 500 మీటర్ల అవతలి గోదాములకు చేర్చాలి, జప్తు చేసిన సరుకును వేలం వేయవచ్చు. ఈ మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనబడుతుంది. ఆగిపోయిన సరుకుకు చట్టం ఒక దారి చూపింది.

కాకపోతే ఆ దారి ఒక్క పదార్థానికే. అదే 2021 మే నెలలో ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడలో నైట్రిక్ ఆమ్లం కంటైనర్ కారుతోందని తెలిసి, దాన్ని దించుకోమని ఖతార్‌లోని హమద్ రేవును, గుజరాత్‌లోని హజీరా రేవును అడిగారు. తగిన సదుపాయాలు లేవని రెండూ కాదన్నాయి. ఓడ కొలంబో దాకా వెళ్లి, అక్కడ అంటుకుని జూన్ 2న మునిగింది. టన్నుల కొద్దీ ప్లాస్టిక్ గుళికలు శ్రీలంక తీరానికి కొట్టుకొచ్చి జాలర్ల బతుకు దెబ్బతింది. ఆపదలో ఉన్న ఓడకు ఆశ్రయం ఇవ్వడంపై అంతర్జాతీయ సముద్ర సంస్థ 2003లో మార్గదర్శకాలు చేసి, 2023లో వాటిని సవరించింది. ఇప్పటికీ అవి మార్గదర్శకాలే. కారుతున్న కంటైనర్‌ను ఏ రేవైనా దించుకోనంటే, ఆ రేవును బలవంతపెట్టే అధికారం వాటికి లేదు.