నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయి?

రాజమండ్రి

చి. సింధుకు, చి. వంశీకి తాతయ్య ఆశీస్సులు.

ఫోన్‌లో అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేదని సింధు అలిగిందట. అది ఫోన్‌లో తేలే ప్రశ్న కాదు తల్లీ. 2024 నవంబరులో విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలం వెళ్ళిన సీప్లేన్ వీడియో చూసి, "నీళ్ళ మీద దిగే విమానానికి భయమేముంది తాతయ్యా? ఇంజను ఆగిపోతే ఏ చెరువులోనో దిగిపోవచ్చుగా" అన్నావు. యుద్ధంలో అందరికీ అవే ఇచ్చి ఉంటే ఎవరూ పడిపోయేవాళ్ళు కాదని వంశీ తీర్పు కూడా చెప్పేశాడు.

ఇచ్చారురా నాన్నా. రెండో ప్రపంచ యుద్ధంలో వందలకొద్దీ ఇచ్చారు. మీరు చూసిన విమానానికి చక్రాల చోట రెండు తేలే డొల్లలు బిగించి ఉన్నాయి. అప్పటివాటికి అడుగుభాగమే పడవ. అందుకే ఫ్లయింగ్ బోట్లు, ఎగిరే పడవలు అన్నారు. బ్రిటిష్ వాళ్ళ సండర్లాండ్‌కు నాలుగు ఇంజన్లు, రెక్క కొస నుంచి రెక్క కొసకు 34 మీటర్లు. లోపల రెండు అంతస్తులు, పడుకోవడానికి బల్లలు, వంట చేసుకోవడానికి పొయ్యి. పన్నెండేసి గంటలు సముద్రం మీద తిరుగుతూ జలాంతర్గాముల కోసం వెతికేవి. అమెరికా వాళ్ళ కాటలీనా ఇంకా ఎక్కువసేపు ఎగిరేది. మద్రాసు దగ్గర రెడ్‌హిల్స్ చెరువులో కాటలీనాలు ఉండేవి. 1942 ఏప్రిల్ 4న జపాను నౌకాదళం సిలోను వైపు వస్తోందని చూసి కబురు పంపింది కూడా ఒక కాటలీనాయే. దాన్ని కూల్చేశారు గాని, కబురు చేరింది. జపాను నౌకాదళంలో ఇంకో దండు మన వైపూ వచ్చింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకు పరుగెత్తిన సంగతి మా నాయనమ్మ చెబుతుంటే విని పెరిగాను.

మరి అవి ఎలా పడ్డాయి? శత్రువు కాల్చినవాటి సంగతి వదిలెయ్యండి. ఎవరూ కాల్చకుండానే పోయినవి చాలా ఉన్నాయి.

నా చిన్నప్పుడు కార్తీక మాసంలో నాయనమ్మ నన్ను తెల్లవారుజామునే లేపి గోదావరి రేవుకు తీసుకెళ్ళేది. చలి, చీకటి. ఆవిడ చేతిలో అరటి దొప్ప, దొప్పలో వత్తి, నా చేతిలో ఆవిడ చీర కొంగు. మెట్లు దిగుతూ లెక్కపెట్టుకునేవాణ్ణి. నిన్న ఇన్ని మెట్లు దిగితే నీళ్ళు తగిలాయి కాబట్టి ఇవాళా అన్నే అనుకునేవాణ్ణి. కానీ వానాకాలం వెళ్ళాక ఏరు రోజురోజుకీ తీస్తుంది కదా! నీళ్ళున్నాయనుకుని కాలు మెల్లగా వేస్తే ఇంకో మెట్టు ఉండేది. ఎగువన ఎక్కడో వాన పడి ఏరు కాస్త పెరిగిన రోజున, పొడి మెట్టు అనుకుని ధైర్యంగా వేసిన కాలు పాచి మీద పడి సర్రున జారేది. మెట్టూ నీళ్ళూ రెండూ నాకేం అపకారం చెయ్యలేదు. అది ఎక్కడుందో నాకు తెలియకపోవడమే చిక్కంతా.

విమానం నడిపేవాడికీ ఇదే చిక్కు. అతని ముందు ఆల్టీమీటర్ అని ఒక ముల్లు ఉంటుంది. అది గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెబుతుంది. పొద్దున్న బయల్దేరేటప్పుడు సరిచేసుకున్న ముల్లు, పన్నెండు గంటల తరవాత వాతావరణం మారి ఒత్తిడి తగ్గిపోతే, ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తు చూపిస్తుంది. నిన్నటి మెట్ల లెక్కతో ఇవాళ దిగినట్టే. ముల్లు ఇంకా మెట్లున్నాయని చెబుతూ ఉంటుంది, కింద నీళ్ళు వచ్చేసి ఉంటాయి. ఆ వేగంలో తగిలితే నీళ్ళు మెత్తగా ఉండవు. పక్కకు తప్పుకునే వ్యవధి లేని నీరు రాయిలాగే ఎదురు నిలుస్తుంది.

కళ్ళతో చూసి దిగొచ్చు కదా అంటారు. ఇక్కడే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే విషయం ఉంది. అలలు లేవని సంతోషిస్తాం చూడండి, పైలట్లకు ఆ నీళ్ళంటేనే భయం. గాలి ఆడకపోతే నీళ్ళ మీద గీత ఉండదు, నురగ ఉండదు. కంటికి పట్టు దొరకదు. మబ్బు నీళ్ళలోనూ కనిపిస్తుంది గనక అది కింద ఉందో పైన ఉందో తెలియదు. చిన్న అలలుంటేనే ఎత్తు అంచనాకు అందుతుంది. అందుకని నీళ్ళు అలా నిశ్చలంగా ఉన్నప్పుడు వాళ్ళు కంటిని నమ్మరు. ముక్కు కొద్దిగా పైకెత్తి, నిమిషానికి 150, 200 అడుగుల చొప్పున మెల్లమెల్లగా దించుతూ, నీళ్ళు వాటంతట అవే తగిలేదాకా ఓపిక పడతారు. రేవులో నాయనమ్మ అచ్చంగా ఇలాగే దిగేది. ప్రతి మెట్టు మీదా పాదం ఆనించి, బరువు మోపకుండా కాసేపు ఆగి, అప్పుడు రెండో కాలు. నేను తొందర పెడితే విసుక్కునేది.

ఇంకో రకం ప్రమాదం ఉంది. మెట్ల లెక్క తప్పకపోవచ్చు, కానీ నువ్వు నిలబడ్డ రేవే వేరేది కావచ్చు. 1942 ఆగస్టు 25న స్కాట్లండ్‌లోని ఇన్వర్‌గార్డన్ నుంచి ఒక సండర్లాండ్ ఐస్‌లండ్‌కు బయల్దేరింది. అందులో ఇంగ్లండు రాజు ఆరవ జార్జి తమ్ముడు, డ్యూక్ ఆఫ్ కెంట్, ఉన్నాడు. తీరం వెంబడి సముద్రం మీదే పోవాలి. పొగమంచు కమ్మింది. కింద సముద్రమే ఉందనుకుని కిందకు దిగారు. ఉన్నది డన్‌బీత్ ఊరి దగ్గర కొండ. ముల్లు సముద్ర మట్టం నుంచి ఎత్తు చెబుతుంది గాని, మధ్యలో లేచిన కొండ సంగతి దానికి తెలియదు. పదిహేను మందిలో పద్నాలుగు మంది పోయారు. తోక భాగంలో తుపాకి దగ్గర కూర్చున్న ఒక్కడు, తోక విరిగి విడిగా పడటం వల్ల, కాలిన ఒంటితో బతికాడు. మరునాడు నడుచుకుంటూ వెళ్ళి ఒక ఇంటి తలుపు తట్టాడు. తప్పు పైలట్‌దే అని విచారణలో తేల్చారు. చనిపోయినవాడు జవాబు చెప్పలేడు గనక ఆ తీర్పు నాకు మింగుడు పడదు. ఎవరైనా పడిపోయారని వింటే ఎవరిది తప్పు అని అడిగే ముందు, వాళ్ళకు ఆ క్షణాన ఏం కనిపించింది అని అడగడం నేర్చుకోండి పిల్లలూ.

1943 ఫిబ్రవరి 22న లిస్బన్‌లో, సైనికులకు పాటలు వినిపించడానికి వెళ్తున్న కళాకారులున్న పాన్ అమెరికన్ విమాన సంస్థ వాళ్ళ యాంకీ క్లిప్పర్ అనే ఎగిరే పడవ దిగబోతూ మలుపు తిరిగింది. మసక వెలుతురు. ఎడమ రెక్క కొస నీళ్ళను తాకింది. 39 మందిలో 24 మంది పోయారు. కొస మాత్రమే తాకింది, చూడండి. కొన్నయితే ఎగరకుండానే పోయాయి. 1940 నవంబరులో వేల్స్‌లోని పెంబ్రోక్ డాక్ దగ్గర లంగరేసి ఉన్న ఒక సండర్లాండ్ తుఫానులో అక్కడే మునిగిపోయింది.

"ఏ చెరువులోనో దిగిపోవచ్చుగా" అన్న సింధు మాటకు ఇంకా జవాబు బాకీ ఉన్నాను. రేవులు, చెరువులు వేరు, నడి సముద్రం వేరు. అక్కడ దిగితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. 1945 జూలై 30న ఇండియానాపొలిస్ అనే అమెరికా యుద్ధనౌకను జపాను జలాంతర్గామి ముంచింది. వందల మంది రోజుల తరబడి నీళ్ళలో తేలుతూ ఉండిపోయారు. వాళ్ళున్నారన్న సంగతే ఎవరికీ తెలియదు. ఆగస్టు 2న వేరే విమానం వాళ్ళను చూసి కబురు పంపాక, ఏడ్రియన్ మార్క్స్ కాటలీనా నడుపుతూ సాయానికి వచ్చాడు. నడి సముద్రంలో దిగకూడదని పై ఆజ్ఞ. అలలు పన్నెండు అడుగులున్నాయి. తోటివాళ్ళను అడిగి దించాడు. విమానం ఎగిరెగిరి పడింది, అడుగు రేకుల అతుకులు వదిలి నీళ్ళు లోపలికి వచ్చాయి. ఒక్కొక్కరినే లాగి ఎక్కించారు. లోపల చోటు అయిపోతే రెక్కల మీద పడుకోబెట్టి, పారాచూట్ తాళ్ళతో కట్టారు. 56 మంది! ఆ విమానం మళ్ళీ లేవలేదు. రాత్రంతా ఆ సముద్రం మీదే తేలి, అందరినీ ఓడలోకి ఎక్కించాక, ఇక పనికిరాదని అమెరికా వాళ్ళే తమ గుండ్లతో దాన్ని ముంచేశారు. పోయిన విమానాల లెక్కలో అదీ ఒకటే. ఆ ఒక్కదాని గురించి చదివినప్పుడల్లా నాకు మాటలు రావు.

విమానం నీళ్ళను వదిలి ఎలా పైకి లేస్తుందన్నది ఈ ఉత్తరంలో రాయలేను, అది ఇంకా పెద్ద కథ. దాని బదులు ఒక పని చెయ్యండి. ఈ ఆదివారం తెల్లవారకముందే నాన్నను తోడు తీసుకుని కృష్ణ ఒడ్డుకు వెళ్ళండి. గాలి లేని రోజు చూసుకోండి. రేవు పై మెట్టు మీదే నిలబడండి, దిగొద్దు. నీళ్ళు ఎన్నో మెట్టు దగ్గరున్నాయో ఎవరి అంచనా వాళ్ళు ఒకరికొకరు చెప్పుకోకుండా కాగితం మీద రాసుకోండి. తరవాత నాన్న చిన్న రాయి విసిరి అల పుట్టించాక మళ్ళీ రాయండి. ఎండ వచ్చాక మెట్లు లెక్కపెట్టండి. మూడు అంకెలూ నాకు పంపండి, వంశీవి వేరే, సింధువి వేరే, నాన్నవి కూడా.

ఇట్లు,
తాతయ్య