తల్లి బరువు, బిడ్డ పేగు: ఈ లెక్క ఎక్కడ మొదలైంది

మా చెల్లికి ఏడో నెల. విశాఖలో మర్రిపాలెం వైపు తను చూపించుకునే ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ముందు బరువు మెషీన్ ఎక్కిస్తారు, సిస్టర్ ఆ అంకెని కార్డు మీద రాసి, ఎక్కువైతే చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుడుతుంది. మొన్న ఆ సున్నా చూసి వాళ్ల అత్తగారు "ఏటమ్మా ఇది, తల్లి లావైతే బిడ్డ పొట్టలోకి చెడ్డ పురుగులు చేరతాయట కదా" అన్నారు. ఫ్యామిలీ గ్రూపులో తిరిగిన ఫార్వర్డ్ పుణ్యం అది. మూడు నెలల కిందట "నువ్వు వట్టి మనిషివి కాదు, ఇద్దరి తిండి తినాలి" అని ముద్దముద్దకీ నెయ్యి పోసిందీ ఆవిడే, అది వేరే సంగతి.

ఆ రాత్రి చెల్లి ఫోన్ చేసి ఏడ్చింది. "అక్కా, నా వల్లే బిడ్డకి ఏమన్నా అవుతుందా?" అని. నిజం చెప్పాలంటే ఆ ఫార్వర్డ్ పూర్తిగా అబద్ధం కాదు, అదే చిక్కు.

పసిపిల్లల పేగుల్లో ఏముంటుందని చూడటం చాలా పాతది. 1885లో థియోడర్ ఎషెరిక్ అనే పిల్లల డాక్టరు జర్మనీలో పసికందుల విరేచనాలు పరీక్షించి ఒక బాక్టీరియాని వర్ణించాడు, మనం ఈ.కోలి అంటున్నది దాన్నే, ఆ 'ఈ' ఆయన పేరులోంచి వచ్చిందే. 1899లో పారిస్ పాశ్చర్ సంస్థలో హెన్రీ టిస్సియే తల్లిపాలు తాగే పిల్లల్లో కొమ్మలా చీలిన ఇంకో రకం బాక్టీరియాని చూశాడు, బిఫిడో అనే మేలు చేసే బాక్టీరియా అదే. అప్పట్లో ఎవరూ తల్లి బరువు అడగలేదు. అడగడానికి ఇంకో వందేళ్లు పట్టింది, అదీ ఎలుకల పుణ్యమా అని.

2004లో అమెరికా సెయింట్ లూయీలో శాస్త్రవేత్త జెఫ్రీ గోర్డన్ బృందం, ఒంట్లో ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా పెంచిన ఎలుకల్లోకి మామూలు ఎలుకల పేగు బాక్టీరియాని ఎక్కించింది. రెండు వారాల్లో వాటి కొవ్వు దాదాపు 60 శాతం పెరిగింది, తిండి మాత్రం తగ్గించాయి! 2006లో ఇంకో అడుగు వేశారు, లావు ఎలుక బాక్టీరియా ఎక్కించుకున్నవి సన్న ఎలుక బాక్టీరియా ఎక్కించుకున్నవాటికంటే ఎక్కువ కొవ్వెక్కాయి. దాంతో లావుకి ఒక బాక్టీరియా గుంపు, సన్నానికి ఇంకో గుంపు అని పేపర్లు హడావిడి చేశాయి. తర్వాత మనుషుల మీద చేసిన పరీక్షలన్నీ కలిపి చూస్తే ఆ లెక్క అంత గట్టిగా నిలబడలేదు. కానీ గర్భిణులవైపు చూపు తిరిగింది అక్కడే.

ఫిన్లాండ్‌లో టుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో బరువెక్కువున్న గర్భిణుల పేగు బాక్టీరియా వేరుగా ఉందన్నారు, 2010లో వాళ్ల పిల్లల్లోనూ మొదటి ఆరు నెలల్లో తేడాలు కనిపించాయన్నారు. మన ఫార్వర్డ్‌కి ముత్తాత బహుశా ఇదే. అయితే 2012లో 91 మంది ఫిన్లాండ్ గర్భిణుల మీద వచ్చిన పరిశోధన నాకు ఎక్కువ నచ్చింది. మొదటి మూడు నెలలకీ ఆఖరి మూడు నెలలకీ మధ్య పేగు బాక్టీరియా బాగా మారిపోయింది, ముందు నుంచీ లావున్నవాళ్లకీ లేనివాళ్లకీ కూడా. ఆఖరి నెలల బాక్టీరియాని ఎలుకలకి ఎక్కిస్తే అవి లావెక్కాయి. అంటే బిడ్డ కోసం ఒంట్లో కొవ్వు దాచిపెట్టుకునే పనిలో ఇదీ ఒక భాగమేమో అన్నారు. 2015లో అమెరికాలో ఇంకొకరు చూస్తే అంత మార్పు కనపడలేదు, అదీ చెప్పాలి.

2014లో అమెరికాలోనే ఒహాయోలో ఏడాదిన్నర నుంచి రెండేళ్లు దాటిన పిల్లలు 77 మందిని చూశారు. తల్లి లావుకీ పిల్లల బాక్టీరియాకీ సంబంధం కనిపించింది, కానీ ముఖ్యంగా డబ్బున్న ఇళ్లల్లో. 2016లో ఇంకో పరిశోధన వచ్చింది, అందులో తల్లి బరువు తేడా మామూలు కాన్పు పిల్లల్లోనే కనిపించింది, సిజేరియన్ పిల్లల్లో లేదు. బరువు ఒక్కటే మీట అయితే ఇలా ఉండకూడదు కదా.

ఇక్కడే మన ఊరి సంగతి వస్తుంది. 2010లోనే మరియా డొమింగెజ్-బెల్లో అనే శాస్త్రవేత్త బృందం చూపించింది, మామూలు కాన్పు బిడ్డకి తల్లి జననమార్గంలోని బాక్టీరియా అంటుకుంటుంది, ఆపరేషన్ బిడ్డకి చర్మం మీద ఉండే రకాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటులో 63 శాతం. అదే సర్వేలో 36.3 శాతం ఆడవాళ్లు బరువెక్కువ. బరువెక్కువుంటే ఆపరేషన్ అవకాశం ఎక్కువ, ఆపరేషన్ అంటే కోతకి ముందే యాంటీబయాటిక్, ఆ తర్వాత నొప్పి, మత్తు, పాలు పట్టడం ఆలస్యం. వీటన్నిట్లో బిడ్డ పేగుని మార్చింది ఏదని విడదీయడం అంత తేలిక కాదు. ఫార్వర్డ్‌లో మాత్రం ఒక్క దారమే మిగిలింది, అదీ తల్లి మెడకి చుట్టారు.

ఇంకోటి, ఈ పరీక్షలు ఎక్కువగా ఫిన్లాండ్, అమెరికా ఆడవాళ్ల మీదవి. సిటీలో బరువు కార్డు మీద ఎర్ర సున్నాలుంటే, మన్యంలో పాడేరు వైపు వెళ్తే రక్తం లేక, బరువు చాలక వచ్చే తల్లులున్నారు. ఆ సర్వే ప్రకారమే రాష్ట్రంలో 14.8 శాతం ఆడవాళ్లు ఉండాల్సిన బరువుకంటే తక్కువ. పక్కనే ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా పసికందులకి మేలు చేసే బాక్టీరియాని వారం రోజులు తాగించి చూసిన ఫలితాలు 2017లో వచ్చాయి. రక్తంలో ఇన్ఫెక్షన్, చావు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. అక్కడ తల్లి లావు అసలు ప్రశ్నే కాదు.

పాల సంగతీ చెల్లికి చెప్పాను. తల్లిపాలలో బిడ్డకి అరగని చక్కెరలు కొన్నుంటాయి, అవి బిడ్డకి కాదు, టిస్సియే చూసిన ఆ బిఫిడోలకి మేత. తల్లి లావైనా సన్నమైనా పాలలో అవి ఉంటాయి. మా నాయనమ్మ కాలంలో ముర్రుపాలు పిండి పారేసి తేనె నాకించేవారట, మా నాన్నకి కూడా అదే చేశారు, అంటే ఆ మేతనే పారేశారన్నమాట.

నిన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో నడుస్తూ ముంత మసాలా పొట్లం ఇద్దరం పంచుకున్నాం, అత్తగారికి చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. ఇంటికెళ్లాక కార్డు వెనక డాక్టరుని అడగాల్సినవి రెండు రాసుకుంది: ఆపరేషన్ తప్పదా, తప్పకపోతే ఎంతసేపట్లో పాలు పట్టొచ్చు. వాటి చుట్టూ తనే ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టింది.