చేపలకంటే ముందు చేరాల్సినవాళ్లు

అమ్మీ, నాయనా,

ఫిష్ ట్యాంకు తెచ్చిన రోజే చేపలు కూడా తేకుండా మీ నాన్నను ఆపింది నేనే. అలిగితే నా మీద అలగండి, ఆయన్ను వదిలేయండి. ఫోన్లో చెబుదామంటే మీరిద్దరూ ఒక్క మాట పూర్తి కానివ్వరు. అందుకే ఉత్తరం.

“నీళ్లు తేటగా ఉన్నాయి, ఫిల్టర్ తిరుగుతోంది, ఇంకా ఎందుకు ఆగాలి?” అని కదా మీ ప్రశ్న. కొత్త ట్యాంకులో చేపల ప్రాణం తీసేదానికి రంగు ఉండదు, కంటికి కనిపించదు. పేరు అమ్మోనియా. అది ఎక్కడినుంచో రాదు, చేపే వదులుతుంది. మనం తిన్న పప్పు, గుడ్డు అరిగాక మిగిలే నత్రజనిని మన ఒళ్లు యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. చేప అంత శ్రమ పడదు. అమ్మోనియాను అమ్మోనియాగానే మొప్పల్లోంచి నీళ్లలోకి వదిలేస్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. చెరువులో అయితే అన్ని నీళ్లలో అది లెక్కకు రాదు, పైగా దాన్ని తినేసేవాళ్లు అక్కడ ముందే కాపురం ఉంటారు. మీ ట్యాంకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా నింపినా 56 లీటర్లే.

ఆ తినేసేవాళ్లు ఎవరో చెప్పాలంటే 1877కు పోవాలి. ఫ్రాన్సులో ష్లోజింగ్, ముంట్జ్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పొడవాటి గొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి, పైనుంచి మురుగునీళ్లు మెల్లగా వదిలారు. కింద దిగిన నీళ్లను పరీక్షించారు. దాదాపు 20 రోజులు ఏమీ జరగలేదు. పైన పోసిన అమ్మోనియా పోసినట్టే కిందికి వచ్చింది. ఆ తర్వాత అమ్మోనియా తగ్గుతూ పోయి, దాని చోట నైట్రేట్ (నత్రజని, ఆక్సిజన్ కలిసిన పదార్థం) కనిపించసాగింది. అమ్మోనియా గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి దానంతటదే నైట్రేట్ అయిపోతుందని అంతవరకూ చాలామంది నమ్మకం. అలాగైతే మొదటి రోజే కావాలి కదా, 20 రోజులు ఎందుకు ఆగినట్టు? అనుమానం తీర్చుకోడానికి గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపారు. పని ఆగిపోయింది! రసాయనానికి మత్తు ఎక్కదు. కాబట్టి ఆ ఇసుకలో ప్రాణమున్నదేదో చేరి ఉండాలి. తర్వాత 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త ఆ సూక్ష్మజీవులను మట్టిలోంచి వేరు చేసి చూపించాడు.

బడిలో పాఠం చెప్పిన రోజుల నుంచీ నాకు ఈ ప్రయోగం అంటే ఇష్టం. ఏమీ జరగని ఆ 20 రోజులే వాళ్లకు అసలు సంగతి చెప్పాయి. ఇప్పుడు మీ హాల్లో ఉన్నది అలాంటి గొట్టమే అనుకోండి. ఇసుక బదులు ఫిల్టర్ స్పాంజి ఉంది, అంతే.

ఈ పని రెండు దశల్లో జరుగుతుంది. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. (రెండు పనులూ ఒక్కటే చేసుకోగల బాక్టీరియా కూడా ఉందని 2015లో బయటపడింది. మీ సైన్సు టీచరుకు చెప్పి చూడండి.) నైట్రైట్ కూడా తక్కువది కాదు. చేప రక్తంలోకి చేరి, ఆక్సిజన్ మోయాల్సిన హిమోగ్లోబిన్‌ను పనికి రాకుండా చేస్తుంది. రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది, నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా చేప ఊపిరాడక పైకొచ్చి నోరు తెరుస్తుంది. చివర మిగిలే నైట్రేట్ మాత్రం కొంతవరకూ నయం. మొక్కలుంటే అవి పీల్చుకుంటాయి, మిగతాది మనం నీళ్లు మార్చి తీసేయొచ్చు.

మన చేలల్లోనూ ఇదే జరుగుతుంది. యూరియా చల్లితే మట్టిలో అది ముందు అమ్మోనియా అవుతుంది. ఆ అమ్మోనియా నైట్రేట్ అయి వేర్లకు అందేది ఇలాంటి బాక్టీరియా వల్లే. శెనక్కాయ వేర్ల మీది బుడిపెల్లో ఉండేవి మాత్రం వేరే రకం. గాలిలోని నత్రజనినే పట్టి అమ్మోనియా చేస్తాయి. ఈసారి చేనికి వస్తే ఒక చెట్టు పీకి చూపిస్తాను.

ఇక చేయాల్సిన పని. ట్యాంకులో మనకు కావాల్సిన బాక్టీరియా చాలా నిదానంగా పెరుగుతాయి. మామూలు బాక్టీరియాలో కొన్ని ఇరవై నిమిషాలకే రెట్టింపవుతాయి. వీటికి సగం రోజు నుంచి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అందుకే మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. తిండి లేకపోతే అసలు పెరగవు కాబట్టి చేపలు లేకపోయినా రోజూ చిటికెడు మేత నీళ్లలో వేయండి, అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. పిడికెడు వేస్తే తొందరగా అవుతుందని అనుకోవద్దు, ఇల్లంతా కంపు తప్ప లాభం ఉండదు. ఫిల్టర్ రాత్రీ పగలూ తిరగాలి, ఎందుకంటే వాటికి ఆక్సిజన్ కావాలి. లైటు అక్కర్లేదు, వేస్తే పాచి పడుతుంది. వెచ్చదనం కావాలి, 25 నుంచి 30 డిగ్రీలు. ఆ విషయంలో అనంతపురం వాళ్లం అదృష్టవంతులం, చలికాలం తప్పిస్తే హీటరు కొనే పనే లేదు.

నీళ్ల సంగతి జాగ్రత్తగా వినండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది మన కడుపులోకి పోయే క్రిములనే కాదు, మనం పెంచుకునే వీటినీ చంపుతుంది. బకెట్లలో పట్టి ఒకటి రెండు రోజులు మూత లేకుండా ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది. తొందరుంటే షాపులో దొరికే క్లోరిన్ విరిచే మందు వేయొచ్చు. ఫ్లోరైడ్ భయంతో మనం తాగడానికి కొనే ప్లాంటు క్యాన్ నీళ్లు మాత్రం పోయొద్దు. వాటిలో ఖనిజాలు బాగా తగ్గిపోయి ఉంటాయి. ఈ బాక్టీరియా పని చేసే కొద్దీ నీళ్లు ఆమ్లం వైపు జారతాయి, ఆ జారుడును ఆపేది నీళ్లలో ఖనిజాలతో పాటు ఉండే బైకార్బొనేటే. అది లేకపోతే పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో చెప్పే అంకె, 7 కంటే తగ్గితే ఆమ్లం) 6 దాకా పడిపోయి పని దాదాపు ఆగిపోతుంది. గిన్నెలకు తెల్ల పొర కట్టే మన బోరు నీళ్లే వీటికి నచ్చుతాయి. కాకపోతే దానికీ ఒక చిక్కుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే అమ్మోనియాలో విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది. 7 దగ్గర చేప ఓర్చుకున్నది 8 దగ్గర ఓర్చుకోలేదు. మన బోరు నీళ్లతో “కొంచెం ఉంటే ఏమవుతుందిలే” అనడం కుదరదు.

మొదటి వారంలో నీళ్లు పాలు కలిపినట్టు మసకబారవచ్చు. టెన్షన్ పడి అన్నీ పారబోయకండి. అవి కుళ్లిన మేత తినే వేరే బాక్టీరియా, వాటంతటవే తగ్గుతాయి.

పని ఎంతవరకు వచ్చిందో కంటితో తెలియదు. బొట్లు వేసి రంగు చూసే టెస్ట్ కిట్ ఒకటి కొనమని నాన్నతో చెప్పాను. ముందు అమ్మోనియా పెరుగుతుంది, అది తగ్గుతుండగా నైట్రైట్ పైకి లేస్తుంది. విసుగొచ్చేది ఇక్కడే, నైట్రైట్ దిగడానికి చాలా రోజులు తీసుకుంటుంది. రోజూ మేత వేస్తున్నా వారం పాటు రెండూ సున్నా చూపించి, నైట్రేట్ మాత్రం కనిపిస్తుంటే ట్యాంకు సిద్ధమైనట్టు. సగం నీళ్లు మార్చి చేపలు తెచ్చుకోవచ్చు.

దగ్గరి దారి ఒకటుంది. చాలాకాలంగా చేపలు ఆరోగ్యంగా ఉన్న ట్యాంకు తెలిసినవాళ్ల ఇంట్లో ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజి ముక్క అడిగి, తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టండి. పాలకు తోడు వేసినట్టు పనిచేస్తుంది. సీసాల్లో అమ్మే బాక్టీరియా కూడా కొన్ని పనిచేస్తాయి గానీ, మన ఎండల్లో షాపులో ఎన్నాళ్లు ఉడికిందో తెలియని సీసా మీద నాకు నమ్మకం లేదు.

ఇవి నీళ్లలో కన్నా స్పాంజికి, గులకరాళ్లకే ఎక్కువగా అంటుకుని ఉంటాయి. అందుకే నీళ్లు మార్చినా పోవు గానీ, స్పాంజిని కుళాయి కింద తెల్లగా ఉతికితే పోతాయి. శుభ్రం చేయాలంటే ట్యాంకులోంచే ఒక మగ్గు నీళ్లు తీసి అందులో పిండండి. ఈ మాట మీ అమ్మకు ప్రత్యేకంగా చెప్పండి!

చేపల విషయానికొస్తే, మొదట మూడు నాలుగు గప్పీలు చాలు. మన బోరు నీళ్లు వాటికి, మోలీ చేపలకు సరిపోతాయి. రెండు వారాలు నీళ్లు పరీక్షించుకుంటూ ఉండి, అన్నీ బాగుంటే మరో రెండు చేపలు. గోల్డ్‌ఫిష్ అడగొద్దు. అది జానెడు పెరుగుతుంది, మలినం కూడా అంతే వదులుతుంది, ఈ ట్యాంకు దానికి చాలదు.

రీడింగులు రోజూ ఒక నోట్‌బుక్కులో తేదీ వేసి రాసి, ఆదివారం నాకు ఫోటో పంపండి. నైట్రైట్ రంగు మొదటిసారి మారిన రోజు మాత్రం ఆదివారం దాకా ఆగొద్దు, వెంటనే ఫోన్ చేయండి.

మీ తాత,
తాడిపత్రి