ఎక్స్‌ట్రా మార్కుల గొడవ ఎక్కడ మొదలైందంటే

ఐఐఎంలలో ఎంబీఏకి పెట్టే క్యాట్ ఎంట్రన్స్ అయ్యాక ఇంటర్వ్యూ కాల్స్ వచ్చే టైమ్ అయిందంటే చాలు, షార్ట్‌లిస్ట్‌లో ఆడపిల్లలకి ఎక్స్‌ట్రా మార్కులు కలపడం అన్యాయం అన్న గొడవ మళ్లీ లేస్తుంది. "నాకు 98 పర్సంటైల్ వచ్చినా కాల్ లేదు, ఆమెకి 95కే వచ్చేసింది" అని స్క్రీన్‌షాట్లు, వాటి కింద జెండర్ డైవర్సిటీ మీద జోకులు. ఐఐఎంలు ఎప్పుడు పుట్టాయి, రిజర్వేషన్లు ఎలా వచ్చాయి, అదంతా తెలిసిందే, వదిలేద్దాం. నా లెక్కలో కథ మలుపు తిరిగింది 2013లో, కోళికోడ్‌లో.

ఆ ఏడాది ఐఐఎం కోళికోడ్ పీజీపీ, అంటే రెండేళ్ల ఎంబీఏ బ్యాచ్‌లో ఆడపిల్లలు 54 శాతం. అప్పటిదాకా ఐఐఎం క్లాసంటే బీటెక్ అబ్బాయిల అడ్డా. షార్ట్‌లిస్ట్ లెక్క కొంచెం మారిస్తే క్లాసు ఎంత మారుతుందో అప్పుడే అందరికీ కనిపించింది, "అన్యాయం" అన్న మాట కూడా అప్పట్నుంచే గట్టిగా వినపడుతోంది. ఒకటి రెండు మార్కుల్లో కాల్ పోయినవాడి బాధ నిజమే, కాదనను. కానీ 2019లో కోళికోడ్ అమ్మాయిలకి ఇచ్చిన 60 సీట్లు సూపర్‌న్యూమరరీ, అంటే ఉన్నవాటిలోంచి తీసినవి కాదు, పైన కలిపినవి. అక్కడ "మా సీటు పోయింది" అంటే కుదరదు.

మన దగ్గర రాష్ట్ర ఎంబీఏ ఎంట్రన్స్ ఐసెట్ కన్వీనర్ సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకే, దానిమీద ఎవరూ స్క్రీన్‌షాట్లు పెట్టగా నేను చూళ్లేదు.

మా పిన్ని కూతురు బీకాం, హిమాయత్‌నగర్‌లో కోచింగ్‌కి చేరింది. మొదటిరోజే ఫోన్ చేసి "అక్కా, అంతా బీటెక్ వాళ్లే, సార్ లెక్క బోర్డు మీద రాయడం అయ్యేలోపే ఆన్సర్ చెప్పేస్తున్నారు" అంది. పైగా ఈవెనింగ్ బ్యాచ్ తొమ్మిదింటికి వదుల్తారని బాబాయ్ ఒప్పుకోలేదు, వీకెండ్ బ్యాచ్‌తోనే సరిపెట్టుకుంది. నాలుగేళ్లు మ్యాథ్స్ చేసి రావడాన్ని మాత్రం ఎవరూ ఎక్స్‌ట్రా మార్కులు అనరు మరి.

సీటొచ్చాక అయినా గొడవ తీరుతుందా అంటే అదీ లేదు. 2014 జనవరిలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ డీన్ నితిన్ నోహ్రియా, తమ స్కూల్లో ఆడవాళ్లని చూసిన తీరుకి పబ్లిక్‌గా సారీ చెప్పాడు, క్లాసులో చర్చించే కంపెనీ కథల్లో, అదే కేస్ స్టడీల్లో, ఆడవాళ్లు లీడ్‌గా ఉన్నవి అయిదేళ్లలో 20 శాతానికి పెంచుతామన్నాడు. పెంచితే 20! ఆ పిన్ని కూతురే ఇప్పుడు ఎంబీఏలో ఉంది, మొన్న తన మొదటి సెమిస్టర్ కేసులన్నీ ముందేసుకుని ఆడ మేనేజర్లు ఎంతమందో లెక్కపెట్టింది, ఒక చేతి వేళ్లే ఎక్కువయ్యాయి.