చుక్క రెండు కిలోమీటర్లు జరిగితే

మా పక్క బస్తీ అంగన్‌వాడీలో ఏడాదిన్నర పిల్లాడి పొడవు కొలుస్తుంటే ఒకసారి దగ్గరుండి చూశాను. రెండేళ్లలోపు పిల్లల్ని నిలబెట్టి కొలవరు. పలక మీద పడుకోబెట్టి, ఆయమ్మ తల కదలకుండా పట్టుకుంటే, టీచర్ మోకాళ్లు అదిమి పాదాల దాకా అడ్డుచెక్క జరపాలి, వాడేమో గుక్కపట్టి ఏడుస్తూ తన్నుతూనే ఉంటాడు. నిలబెట్టి కొలిస్తే సుమారు 0.7 సెంటీమీటర్లు తక్కువొస్తుంది, అందుకే ఇంత తంటా.

పిల్లల ఎదుగుదల ఎక్కడ ఎలా ఉందో చూపే మ్యాపులకి ముడిసరుకు ఇలాంటి కొలతలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది గిడసబారినవాళ్లు, అంటే వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు. ఏ గల్లీలోనో ఆ సగటు చెప్పదు కదా. అందుకని పరిశోధకులు సర్వే జరిగిన చోట్లని మ్యాపు మీద చుక్కలుగా పెట్టి, వాటి కింద వాన, ఎండ, పచ్చదనం పొరలు పొరలుగా పరుస్తారు. పచ్చదనాన్ని ఉపగ్రహం లెక్కగడుతుంది: ఆకు ఎర్రకాంతిని పీల్చేసుకుని, మన కంటికి కనపడని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది, ఆ రెండింటి తేడాలోంచి -1 నుంచి 1 మధ్య ఒక అంకె తీస్తారు. వానాధారం పల్లెల్లో ఆ అంకె పడిపోయిందంటే పంట పోయినట్టే, ఇంట్లో తిండికీ కటకటే అనుకోవచ్చు. హైదరాబాద్‌లో ఈ లెక్క తిరగబడుతుంది. ఉపగ్రహానికి కేబీఆర్ పార్కూ పచ్చనే, మూసీ మురుగులో పెరిగిన గుర్రపుడెక్కా పచ్చనే!

ఇంకో చిక్కు ఉంది. ఎవరిల్లో తెలిసిపోకూడదని సర్వేవాళ్లు నగరాల్లో చుక్కని కావాలనే 2 కిలోమీటర్ల దాకా, పల్లెల్లో చాలావరకు 5 కిలోమీటర్ల దాకా జరుపుతారు. మంచి పనే, కాదనను. కానీ చాదర్‌ఘాట్‌లో మూసీ ఒడ్డునున్న చుక్క కోఠీ బజారులో తేలితే దాని కింద పరిసరాల పొర పెట్టి ఏం లాభం?

పోనీ చుక్క సరిగ్గానే ఉందనుకుందాం. మురికి పక్కన పిల్లలు పొట్టిగా ఉంటే కారణం మురికేనా? కలుషితం పదే పదే కడుపులోకి పోతే పేగుల లోపలి పొర దెబ్బతిని తిన్నది ఒంటికి పట్టదని శాస్త్రవేత్తల అనుమానం. తీరా బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేల్లో ఇంటింటికీ మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే ఏర్పాట్లు చేసి చూస్తే (ఫలితాలు 2018, 2019ల్లో వచ్చాయి) పిల్లల ఎత్తు పెరగలేదు. అదనపు పోషకాహారం ఇచ్చినచోట మాత్రం కాస్త పెరిగింది. ఇంటి ముందు మురుగు అలాగే ఉండగా ఇంట్లో సబ్బు పెడితే చాలదేమో అని నాకనిపిస్తుంది.

నన్నడిగితే ఇక్కడి మ్యాపులో వెయ్యాల్సిన పొర పచ్చదనం కాదు, నల్లా పైపు, డ్రైనేజీ పైపు ఎక్కడెక్కడ పక్కపక్కనే పోతున్నాయన్నది. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే చోట ఖాళీ పైపు పగుళ్లలోంచి మురుగు లోపలికి జొరబడుతుంది. ఆ బస్తీలో ఆడవాళ్లకి ఇది చెప్పబోతే నవ్వారు. నల్లా వచ్చిన మొదటి రెండు బిందెలు వాళ్లెప్పుడూ పారబోస్తారట.